రాబర్టు కాంపిన్ చరిత్రము

నేటి బెల్జియము దేశములోని టూర్నే పట్టణమున 1406వ సంవత్సరము నాటికే రాబర్టు కాంపిన్ చిత్రకళాచార్యుడై యుండెను. 1410లో నచ్చటి పౌరసత్వమును గొని, శిష్యులను జేర్చుకొని పెద్ద చిత్రశాలను నడపెను. పిమ్మట మిక్కిలి ఖ్యాతి గాంచిన రోజియర్ వాన్ డెర్ వైడెన్ యీతని శిష్యుడే.

ఈతనివని యెంచబడు చిత్రములలో దేనిమీదను చేవ్రాలు లేదు. ఐనను న్యూయార్కు నగరపు మెట్రొపాలిటన్ ప్రదర్శనశాలవారి యొద్దనున్న మెరోడ్ బలిపీఠచిత్రము ఈతని శాలలో 1427, 1432 సంవత్సరముల నడుమ తయారైనదని పండితులు తలంచుచున్నారు. గబ్రియేలు దూత మరియ యొద్దకు వచ్చుట అందలి ఘట్టము. పూర్వులు దీనిని తరచుగా దేవాలయమునందో, స్తంభముల మంటపమునందో చిత్రించిరి. ఇచ్చటనో, అది పట్టణపు సామాన్య గృహస్థుని గది. మరియ బల్లకు జేరబడి క్రింద గూర్చుండి గ్రంథము చదువుచున్నది. ఇంకను తల యెత్తలేదు. గోడగూటిలో ఇత్తడి నీళ్లపాత్ర వ్రేలాడుచున్నది. దాని ప్రక్కను తుండుగుడ్డ. మేజాపైని క్రొవ్వొత్తి యిప్పుడే యారినది; సన్నని పొగ లేచుచున్నది. కుడిపలకలో యోసేపు బరమాతో చెక్కను దొలుచుచున్నాడు. ఆతని యెదుట నొక యెలుకబోనున్నది; మరియొకటి వీధివైపు కిటికీ యరుగుమీద నున్నది. సిలువ సాతానునకు బోను వంటిదని అగస్టీను బోధించిన దానికిది గురుతని కొందరందురు. మాకు మాత్రము మొదట నది వడ్రంగి చేసిన మంచి బోనుగనే కనబడినది.

ఇట్టి శాంతగృహమును చిత్రించినవాని జీవితము శాంతముగ లేదు. 1423లో టూర్నే వృత్తిపనివారు ప్రభుత్వమును జేకొనగా, కాంపిన్ వారి సభలలో గూర్చుండెను. ఆ ప్రభుత్వము 1428లో కూలెను. మరుసటి యేట, తెలిసిన సాక్ష్యమును దాచెనని తీర్పు చెప్పి, ఫ్రాన్సు దక్షిణమున నున్న సాన్ జీల్‌కు యాత్ర పోవలెనని శిక్షించిరి. 1432లో భార్యను గాదని మరియొక స్త్రీతో కాపురము చేసిన నేరమునకు ఏడాది బహిష్కారము విధించిరి. ఈ సంగతిని మా విద్యార్థులకు జెప్పవచ్చునా యని కొంత సందేహించితిమి. కాని మెరోడ్ చిత్రము ఆ దినములదే గనుక దాచుట న్యాయము గాదని తోచినది. గొప్ప దొరసాని యొకతె కలుగజేసికొనుటచే బహిష్కారము జరిమానాగా మారెను. కాంపిన్ టూర్నేలోనే యుండి పని సాగించి, 1444లో మృతినొందెను.