ముంగిట్లో బడి పెట్టిన తారాబాయి

అంగన్‌వాడీ అనగానే మనకు పిల్లలకిచ్చే గుడ్డు, గర్భిణులకిచ్చే పోషకాహారం గుర్తొస్తాయి. ఆ పేరుకు అసలు అర్థం మాత్రం వాకిట్లో బడి. అంగన్ అంటే ముంగిలి. బడిని ముంగిట్లోకి తెచ్చిన మహిళ తారాబాయి మోదక్.

ఆమె 1892లో ఓ మరాఠీ కుటుంబంలో పుట్టారు. తండ్రి సదాశివరావు కేల్కర్ ప్రార్థనా సమాజ్‌లో పనిచేసిన సంస్కర్త. ఆడపిల్లకు చదువెందుకని అడిగే రోజుల్లోనే, 1914లో తారాబాయి బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి బీఏ పట్టా అందుకున్నారు. లాయరు మోదక్‌ని పెళ్లాడి అమరావతికి వెళ్లారు. ఆ కాపురం నిలవలేదు. 1921లో భర్త నుంచి విడిపోయారు. ఆ కాలంలో అలా బయటికి రావడమంటే మాటలా? అయినా కుంగిపోలేదు. రాజ్‌కోట్‌లో మహిళా టీచర్ల శిక్షణ కళాశాలకు ప్రిన్సిపల్ అయ్యారు.

అప్పటికే భావనగర్‌లో గిజూభాయి బధేకా అనే ఆయన చిన్నపిల్లల బడి నడుపుతున్నారు. 1920లో మొదలైన ఆ బాలమందిరంలో బెత్తం లేదు, బట్టీ లేదు. పిల్లలు ఆడుతూ పాడుతూ నేర్చుకునేవారు. ఆ తీరు తారాబాయికి ఎంత నచ్చిందంటే, హోదా ఉన్న ఉద్యోగం వదిలేసి 1923లో ఆయనతో చేరిపోయారు. 1926లో ఇద్దరూ కలిసి నూతన్ బాలశిక్షణ్ సంఘ్‌ను స్థాపించారు. 1936లో ఆమె బొంబాయిలోని దాదర్‌లో శిశువిహార్ మొదలుపెట్టారు.

దాదర్ బడి బాగానే నడుస్తోంది. కానీ అక్కడికి వచ్చేది పట్నం పిల్లలే. పల్లె పిల్లల సంగతేమిటన్న ఆలోచన ఆమెను వదల్లేదు. 1945లో, యాభై మూడేళ్ల వయసులో, అప్పటి ఠాణే జిల్లాలోని బోర్డీకి వెళ్లిపోయారు. తోడుగా అనూతాయి వాఘ్ వచ్చారు. పసితనంలోనే వితంతువై, పట్టుదలతో చదువుకుని టీచరైన మనిషి ఆమె.

బడి తెరిచారు సరే, పేదల గూడేల పిల్లలు రావాలి కదా! ఒకరు పశువుల వెంట, ఇంకొకరు చంకలో చెల్లినో తమ్ముణ్నో వేసుకుని. ఇల్లు గడవాలంటే వాళ్లు పని చెయ్యాల్సిందే. తల్లిదండ్రులకు చదువంటే గిట్టదని సరిపెట్టుకోలేదు తారాబాయి. బడినే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లారు. గూడెంలోని వాకిలే తరగతి గది అయింది. అదే అంగన్‌వాడీ!

మాంటిస్సోరి పద్ధతిలో వాడే సామగ్రి ఖరీదెక్కువ. పల్లెలో అది కుదిరే పని కాదు. అందుకే చుట్టుపక్కల దొరికే గింజలు, గులకరాళ్లు, ఆకులు, గవ్వలు, మట్టినే ఆటవస్తువులు చేశారు. గింజల్ని రకాలవారీగా వేరుచేస్తే పోలిక, తేడా తెలుస్తాయి. లెక్కపెడితే అంకెలు వస్తాయి. మట్టి పిసికి బొమ్మ చేస్తే రేపు బలపం పట్టే వేళ్లకు పట్టు చిక్కుతుంది.

1957లో ఈ పనంతా వార్లీ గిరిజనులుండే కోస్‌బాడ్ కొండ మీదికి మారింది. అక్కడ పసిపిల్లల్ని చూసుకునే చోటు, బాల్వాడీ, ప్రాథమిక పాఠశాల ఒకేచోట పెట్టారు. దాంతో తమ్ముణ్ని ఎత్తుకొచ్చిన అక్క, వాణ్ని అక్కడ ఆడుకోనిచ్చి తను నిశ్చింతగా పాఠం వినే వీలు కలిగింది. పశువులు కాసే పిల్లల కోసమైతే పచ్చిక బయలులోనే బడి నడిపారు.

1962లో ప్రభుత్వం తారాబాయిని పద్మభూషణ్‌తో సత్కరించింది. 1973లో ఆమె కన్నుమూశారు. అనూతాయి ఆ పనిని 1992లో తను పోయేదాకా నడిపారు. 1975 అక్టోబరు 2న కేంద్రం సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభించి, ఊరూరా తెరిచిన కేంద్రాలకు అంగన్‌వాడీ పేరే పెట్టింది. అది చూడటానికి తారాబాయి లేరు.

మూడేళ్ల బిడ్డ బడి నుంచి రాగానే ఈరోజు ఏం రాశావని అడగడం మనకు అలవాటైపోయింది. ఈసారి ఏం ఆట ఆడావని అడిగి చూడండి. గుప్పెడు చింతపిక్కలు ముందు పోసి పక్కనే కూర్చోండి. లెక్కలు వాడే మొదలుపెడతాడు.