గోలు ముందు నిలిచిన పొడుగాయన: పీటర్ తంగరాజ్

పిల్లలూ, విరామం గంట కొట్టగానే మైదానంలో ఫుట్‌బాల్ మొదలవుతుంది కదా. అప్పుడు ముందుగా వచ్చే తగువేంది? గోలీగా ఎవరు నిలవాలని. అందరికీ ముందుకు ఉరికి గోలు కొట్టాలనే ఆశ. చివరకు అందరికన్నా చిన్నోణ్ణో, పరుగు రానోణ్ణో పట్టి అక్కడ నిలబెడతారు. ఈ తడవ మేం చెప్పబోయే ఆయన కూడా మొదట గోలు కొట్టే ఆటగాడే. సెంటర్ ఫార్వర్డ్. తరువాత గోలు కాసే చోటికి మారి, ఆసియాలోనే మేటి గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. ఆయన పేరు పీటర్ తంగరాజ్.

పుట్టింది 1935 డిసెంబరు 24న, హైదరాబాదులో. పేరు చూస్తే తమిళం, పెరిగిన ఊరు తెలుగుదేశం. తమిళనాట తెలుగు మాట్లాడుకుంటూ బతికే మనకు ఈ సంగతి కొత్తగా అనిపించదు. ఆ రోజుల్లో సికింద్రాబాదు కంటోన్మెంటు చుట్టుపక్కల ఇట్లాంటి కుటుంబాలు చాలా ఉండేవి. ఆయనతో కలిసి దేశానికి ఆడిన తులసీదాస్ బలరాం కూడా అక్కడి అమ్ముగూడలో తమిళ తల్లిదండ్రులకు పుట్టినవాడే. తంగరాజ్ కుర్రతనంలో సికింద్రాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే క్లబ్బుల్లో ఆడాడు.

1953లో సైన్యంలో చేరాడు. చేరింది ఎక్కడో కాదు, మన పక్కనే. మేట్టుపాళయం మీదుగా కొండెక్కితే కూనూరు, దాన్ని ఆనుకొని వెల్లింగ్టన్. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ఉండేది అక్కడే. ఊటీకి పోయే చిన్నరైలు కూనూరు దాటగానే ఆ స్టేషనులో ఆగుతుంది. మనలో చాలామంది ఆ బోర్డు చూసే ఉంటారు. సైన్యంలో చేరిన కొత్తలో ఆయన ముందు వరసలోనే ఆడేవాడు. గోలు దగ్గరికి మారింది ఆ తరువాతే. ఆరడుగులు దాటిన మనిషి, చేతులు చాస్తే ఎత్తు బంతి కూడా అందేది. ఆ జట్టు 1955లోనూ, మళ్ళీ 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. దేశంలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ పోటీ అది. పెద్ద పెద్ద క్లబ్బులను దాటి ఒక సైనిక శిక్షణ కేంద్రం జట్టు రెండుసార్లు కప్పు తేవడం చిన్న విషయమేం కాదు.

అప్పటి ఆట ఎట్లుండేదో కొంచెం చెప్పాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడారు. ఆ తరువాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆట మధ్యలో ఒకరి బదులు ఇంకొకర్ని దింపే వీలు కూడా అప్పుడు లేదు. గోలీకి దెబ్బ తగిలినా కడదాకా ఆయనే నిలవాలి, లేదంటే జట్టులో ఇంకొకరు ఆ పని చూసుకోవాలి.

నాలుగేళ్ళకే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, భారత జట్టు నాలుగో స్థానం తెచ్చుకుంది. ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు మనదే. ఆ జట్టులో తంగరాజ్ ఉన్నాడు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదువాడు, బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1958లో తంగరాజ్‌ను ఆసియాలో మేటి గోల్‌కీపర్‌గా ఎన్నుకున్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనం గెలవలేదు గానీ, ఆ ఏడు కంచు పతకం తెచ్చుకున్న హంగరీతో 2–1 తేడాతోనే ఓడాం, ఫ్రాన్స్‌తో 1–1గా ముగించాం. అవతలివాళ్ళ బలం తెలిసినవారికి ఆ అంకెల విలువ తెలుస్తుంది.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇది కాస్త నిదానంగా చెప్పాల్సిన కథ. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయాం. ఆ తరువాత థాయిలాండునూ జపానునూ గెలిచి, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3–2తో దాటాం. ఆ సెమీఫైనల్లో గోలు కాసింది బెంగాలుకు చెందిన ప్రద్యోత్ బర్మన్. తంగరాజ్‌కు ఫ్లూ జ్వరం. ఫైనల్లో ఎదురైంది మళ్ళీ కొరియానే. డిఫెన్సుకు మూలస్తంభంలాంటి జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. పైగా స్టేడియంలో లక్షమంది జనం, అంతా మనకు ఎదురే. క్రీడలకు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వలేదని ఒక భారత అధికారి తప్పుపట్టాడని వాళ్ళకు కోపం.

రహీం ఆ రోజు రెండు సాహసాలు చేశాడు. కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్‌ను ముందు వరసకు పంపాడు. గోలు దగ్గర తంగరాజ్‌నే నిలబెట్టాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోళ్ళు కొట్టారు. ఆ తరువాత డెబ్బై నిమిషాలు ఆ ఆధిక్యాన్ని కాపాడుకోవాలి. పత్రికలు ఎక్కువగా ఆ రెండు గోళ్ళ గురించే రాస్తాయి. మాకైతే ఆ డెబ్బై నిమిషాలే గొప్పగా తోస్తాయి. చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్ ముందు నిలవగా, జ్వరం నుంచి లేచి వచ్చిన మనిషి వెనక కాపు కాశాడు. కొరియా 85వ నిమిషంలో గానీ ఒక గోలు వేయలేకపోయింది. 2–1. బంగారు పతకం. తంగం అంటే ఏమిటో మన పిల్లకాయలకు చెప్పక్కర్లేదు కదా!

ఆ జట్టును తీర్చిన రహీం అప్పటికే కాన్సరుతో బాధపడుతున్నాడు. మరుసటి ఏడు, 1963 జూన్‌లో, కన్నుమూశాడు. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల బంగారం మనకు మళ్ళీ ఇంతవరకు రాలేదు.

తంగరాజ్ కలకత్తాలో మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. ఒకరి నీడ ఒకరికి పడని ఆ క్లబ్బుల అభిమానులంతా ఆయన్ను తమవాడనే అనుకున్నారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది.

చివరి రోజులు జార్ఖండ్‌లోని బొకారో ఉక్కునగరంలో గడిచాయి. 2008 నవంబరు 24న గుండెపోటుతో అక్కడే పోయాడు. ఇంకో నెల ఉంటే డెబ్బై మూడేళ్ళు నిండేవి.