పదిహేడు మందిని ఉరితీసినా దొరకని రాయ్‌పూర్ లష్కర్

రాయ్‌పూర్: తిన్న ఉప్పుకు విశ్వాసంగా ఉండటం సైన్యంలో ఒక ఆచారం. స్వధర్మాన్ని విడవకుండా కొలువు చేయడం సిపాయి పాటించే మరో ఆచారం. 1857లో ఈ రెండింటికీ పొత్తు కుదరక భారతదేశంలోని అనేక పటాలాలు తిరగబడ్డాయి. ఆ తిరుగుబాటును 1858 జనవరిలో రాయ్‌పూర్ కంటోన్మెంటుకు తెచ్చినవాడు హనుమాన్ సింగ్. ఛత్తీస్‌గఢ్ ప్రజలు ఆయనను తమ మంగళ్ పాండేగా స్మరించుకుంటారు.

హనుమాన్ సింగ్ బైస్వారా రాజపుత్రుడు. మూడో పటాలంలో మ్యాగజైన్ లష్కర్‌గా పనిచేసేవాడు. లష్కర్ అంటే మందుగుండు సామగ్రిని కనిపెట్టుకుని ఉండే చిరుద్యోగి. సేన అనే అర్థంలో సికింద్రాబాదుకు లష్కర్ అన్న పేరు తెచ్చిపెట్టినదీ ఈ మాటే.

నాగపూర్ పాలకుడు మూడో రఘోజీ భోంస్లే 1853లో వారసుడు లేకుండా మరణించగా, డల్హౌసీ మరుసటి ఏడాది ఆ రాజ్యాన్ని కంపెనీ ఏలుబడిలో కలిపివేశాడు. ఛత్తీస్‌గఢ్ కూడా దానితోపాటే ఆంగ్లేయుల వశమైంది. ఆచారాల జోలికి పోతే సిపాయి ఊరుకోడన్న సంగతి కంపెనీకి అంతకుముందే అనుభవం. 1806లో మద్రాసు సైన్యంలో నుదుటి బొట్టును నిషేధించి, కొత్త తరహా తలపాగాను విధించినందుకు వెల్లూరు కోట రక్తసిక్తమైంది. 1857లో కొవ్వు పూసిన తూటాల వార్త మళ్లీ అదే గాయాన్ని రేపింది.

రాయ్‌పూర్‌లో ఆగ్రహానికి మరో కారణం తోడైంది. 1856 కరువులో వర్తకుని ధాన్యం తీసి పేదలకు పంచిన సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్‌ను 1857 డిసెంబర్ 10న ఉరితీశారు. నలభై రోజులు తిరగకముందే, 1858 జనవరి 18 రాత్రి హనుమాన్ సింగ్ ఇద్దరు సహచరులతో సార్జెంట్ మేజర్ సిడ్వెల్ నివాసంలో ప్రవేశించి ఆయనను కత్తితో హతమార్చాడు. అనంతరం పటాలాన్ని తిరుగుబాటుకు పిలిచాడు.

ఆ పిలుపునకు కొద్దిమందే కదిలారు. మిగిలినవారు ఉప్పుకే కట్టుబడ్డారు. లెఫ్టినెంట్ స్మిత్ బలగాలు గంటల తరబడి పోరాడి 17 మందిని పట్టుకున్నాయి. హవల్దార్ గాజీ ఖాన్, అబ్దుల్ హయాత్, అక్బర్ హుసేన్, శివనారాయణ్, మాతాదీన్, ఠాకూర్ సింగ్ వారిలో కొందరు. నాలుగు రోజులకే, జనవరి 22న, హిందువులు, ముస్లింలు అన్న భేదం లేకుండా అందరినీ బహిరంగంగా ఉరితీశారు.

హనుమాన్ సింగ్ మాత్రం చిక్కలేదు. ఆయన తలకు ప్రభుత్వం 500 రూపాయల బహుమానం ప్రకటించింది. ఎవరూ పట్టివ్వలేదు. ఆయన ఎక్కడ తలదాచుకున్నాడో, ఎప్పుడు కన్నుమూశాడో చరిత్రకెక్కలేదు.

అదే ఏడాది నవంబర్ 1న విక్టోరియా రాణి ప్రకటన వెలువడింది. ప్రజల మతవిశ్వాసాలలో జోక్యం చేసుకోబోమని అందులో హామీ ఇచ్చారు. తరువాతి కాలంలో పటాలాలు సిపాయిల ఆచారాలను ప్రత్యేక శ్రద్ధతో కాపాడసాగాయి. నేటి భారత సైన్యంలోనూ మతబోధకుల పదవులు ఉన్నాయి. అనేక యూనిట్లలో అన్ని మతాలవారూ ఒకే కప్పు కింద ప్రార్థనలు జరుపుకుంటారు. ఉప్పుకూ ధర్మానికీ మధ్య ఒకదానినే ఎంచుకోవలసిన దుస్థితి సిపాయికి రాకూడదన్న ఈ మెలకువ వెనుక 1857, 58 సంవత్సరాలలో ఉరికంబమెక్కిన ఎందరో ఉన్నారు. రాయ్‌పూర్‌కు చెందిన ఆ పదిహేడు మందీ వారిలోని వారే.