ఊరు విడిచి, ఊరి చెంతనే నిలిచిన జి.డి. నాయుడు

పుట్టిన పల్లెపై మమకారమూ విసుగూ ఒకే మనసులో ఇమిడి ఉండటం మన సరిహద్దు గ్రామాలవారికి కొత్త కాదు. ఇంట తెలుగు, బడిలో మరో భాష, బతుకుతెరువు పట్నంలో. ఈ మూడింటి నడుమ పెరిగే పిల్లలకు చెప్పదగిన జీవితం కోయంబత్తూరు వాసి గోపాలస్వామి దొరైస్వామి నాయుడిది.

మధురలో 1529 నుండి 1736 వరకు సాగిన నాయక రాజుల ఏలుబడిలో ఎందరో తెలుగువారు దక్షిణానికి తరలివచ్చి, మధుర, కోయంబత్తూరు ప్రాంతాల్లో సేద్యం చేసుకుంటూ స్థిరపడ్డారు. అటువంటి సీమలో, సూలూరు సమీపాన ఉన్న కలంగల్ గ్రామంలో, ఒక తెలుగు రైతు కుటుంబాన నాయుడు 1893 మార్చి 23న జన్మించారు. పసితనంలోనే తల్లి మరణించింది. బడి ఆయనకు రుచించలేదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లినందుకు బడి నుండి పంపివేశారని చెబుతారు. బడిపంతులునైన నాకు ఈ ఘట్టం తలచినప్పుడు నవ్వు రాదు. మన బడిలో ఇమడలేక వెళ్లిపోయిన పిల్లల ముఖాలు జ్ఞప్తికి వస్తాయి.

ఒకనాడు ఆంగ్లేయ అధికారి ఒకరు నడుపుతున్న మోటారు సైకిలు ఆయన కంటపడింది. అది తనకూ కావాలన్న పట్టుదలతో పల్లె విడిచి కోయంబత్తూరు చేరారు. హోటల్లో వడ్డన పని చేస్తూ సుమారు మూడేళ్లలో 400 రూపాయలు కూడబెట్టి ఆ బండిని కొన్నారు. కొన్న తరువాత దాని భాగాలన్నీ విప్పి, తిరిగి బిగించి, యంత్రం మర్మం తెలుసుకున్నారు. ఆయనకు అదే అసలైన బడి అయింది.

1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక బస్సుతో రవాణా వ్యాపారం ఆరంభించారు. అది అనతికాలంలోనే ఎన్నో బస్సులున్న సంస్థగా ఎదిగింది. 1937లో పీలమేడులోని ఆయన కర్మాగారంలో, డి. బాలసుందరం నాయుడి సహకారంతో, స్వదేశీ విద్యుత్ మోటారు తయారైంది. దేశంలో అదే మొదటిదని ప్రసిద్ధి. ఎద్దులతో కపిల తోలి నీరు తోడుకొనే రైతుకు మోటారు ఎంతటి ఊరటో వేరే చెప్పనక్కరలేదు. మోటార్లకూ పంపుసెట్లకూ కోయంబత్తూరు తదనంతర కాలంలో దేశమంతటా పేరుపొందింది.

అనేక పర్యాయాలు విదేశాలు తిరిగి వచ్చినా ఆయన సేద్యాన్ని మరువలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై ప్రయోగాలు సాగించారు. పల్లె బడిని కాదన్న ఆ వ్యక్తే 1945లో కోయంబత్తూరులో ఇంజినీరింగు కళాశాల స్థాపనకు తోడ్పడి, దానికి తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. నాలుగేళ్ల చదువు కాలహరణమని ఆయన అభిప్రాయం. ప్రభుత్వం అంగీకరించకపోవటంతో పదవి వదులుకున్నారు. చౌక కారు తయారీకి అనుమతి లభించలేదు. పన్నుల విషయమై ప్రభుత్వంతో విభేదాలు వచ్చాయి. అలిగారు, ఆగ్రహించారు, కాని కోయంబత్తూరు విడిచి వెళ్లలేదు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై ప్రారంభమైన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరు పెట్టారు. ఒకనాడు బండి కోసం పల్లె విడిచిన బాలుని పేరు నేడు వేలాది బండ్లు సాగే దారికి నిలిచింది.

కలంగల్ నుండి కోయంబత్తూరు దాదాపు 20 కిలోమీటర్లు. ఆయన ఊరిని వదిలిన దూరం అంతే. ప్రపంచం చుట్టివచ్చినా నివాసం మాత్రం ఆ చెంతనే. మన పిల్లలు ఊరు దాటుతామంటే అడ్డుపడవలసిన పని లేదు. అయితే వారు తిరిగి చూసినప్పుడు చేయటానికి ఇక్కడ పని, మాట్లాడటానికి ఇంట తెలుగు మిగిలి ఉండాలి. ఆ రెండింటినీ నిలుపుకోవటం పెద్దలమైన మన బాధ్యత.