క్లాడ్ షానన్

కృష్ణా డెల్టా రైతు నారు కొంత అదనముగా పోయును. నాట్లయిన పిదప చచ్చిన మొక్కల తావున దానిని నాటును. వార్తల విషయమున ఇట్టి ముందుచూపునకు గణితరూప మొసగినవాడు క్లాడ్ షానన్.

ఆయన 1916లో అమెరికాలో జన్మించెను. బాల్యమున ముండ్లకంచె తీగనే తంతిగా జేసి, అరమైలు దూరమందలి మిత్రునకు వార్తలు పంపెను. 1948లో, బెల్ ప్రయోగశాలలో నుండగా, వార్తలోని పునరుక్తిని తొలగించి కుదింపవచ్చుననియు, తగు లెక్కతో అదనపు అంకెలను చేర్చినచో మార్గమున చెడినదానిని తిరిగి రాబట్టవచ్చుననియు నిరూపించెను. కుదించినకొలది ప్రతి తునకయు విలువైనదగును. ఒక్కటి పోయినను వార్త చెడును. కావున రెండవ సత్యము మొదటిదానికి రక్ష.

షానన్ 2001లో మరణించెను. నేడు విజయవాడలో సెల్‌ఫోనుపై చూచు చలనచిత్రము, దారిలో కొన్ని తునకలు జారినను, చెదరక నిలుచుటకు ఆయన సిద్ధాంతమే పునాది.