భాభా రాసిన అప్లికేషన్

హోమీ భాభా అనగానే మనకి అణు రియాక్టర్లే గుర్తొస్తాయి. నాకు మాత్రం 1944 మార్చి 12న ఆయన సర్ దొరాబ్జీ టాటా ట్రస్టుకి రాసిన ఉత్తరం ఇష్టం. ఇప్పటి మాటల్లో అదొక ఫండింగ్ ప్రపోజల్.

1909లో బొంబాయిలో పుట్టి, కేంబ్రిడ్జ్‌లో చదివి, 1939లో సెలవులకి ఇంటికొచ్చారు. యుద్ధం మొదలవడంతో ఇక్కడే ఆగిపోయారు. బెంగళూరు ఐఐఎస్సీలో చేరి కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేశారు. దానికి చిన్న గ్రాంటు ఇచ్చిందీ ఆ ట్రస్టే.

ఈసారి పరికరాలు కాదు, ఏకంగా ఒక సంస్థనే అడిగారు. ఓ ఇరవై ఏళ్లలో అణు విద్యుత్తు వస్తే నిపుణుల కోసం విదేశాల వైపు చూడకూడదు, కాబట్టి మనుషుల్ని ఇప్పుడే తయారు చేసుకోవాలి అన్నది ఆయన వాదన. అప్పటికి హిరోషిమా జరగడానికి ఇంకా దాదాపు ఏడాదిన్నర ఉంది!

దొరాబ్జీ భార్య మెహెర్‌బాయి ఆయనకి మేనత్త. ఆ చుట్టరికం పనికొచ్చే ఉంటుంది, దాచక్కర్లేదు. కానీ చుట్టరికం చూసి బొంబాయి ప్రభుత్వం, తర్వాత భారత ప్రభుత్వం కూడా డబ్బు పెట్టవు కదా.

అలా 1945లో బెంగళూరులో టీఐఎఫ్ఆర్ మొదలైంది. ఆ ఏడాది చివర్లోనే బొంబాయిలో ఒక బంగళాకి మారింది. కొలాబాలో ఇప్పుడున్న భవనం ప్రారంభమైంది 1962లో. అంతకుముందే, 1960కల్లా, అక్కడివాళ్ళు టిఫ్రాక్ అనే కంప్యూటర్‌ని సొంతంగా కట్టేశారు. మన బ్రాంచివాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

తారాపూర్ అణు విద్యుత్ కేంద్రం 1969లో మొదలైంది. రియాక్టర్లు అమెరికావే, నడిపింది మాత్రం మనవాళ్ళు. ఉత్తరంలోని లెక్కకి ఐదేళ్లే ఆలస్యం. అది చూడ్డానికి భాభా లేరు. 1966 జనవరి 24న మోంట్ బ్లాంక్ దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయారు.