వెళ్లిపోయినవాడి మాట వినొద్దట: గోరా జీవితం చెప్పే వెలివేత కథ

మల్దకల్‌లో ఏటా తిమ్మప్ప జాతర జరుగుతుంది. నడిగడ్డ ఊళ్ల నుంచి జనం కదిలి వస్తారు. దేవుడి మహిమ చెప్పడానికి అక్కడ మైకు ఉంటుంది. ఇటు మన వాడల్లో ఆదివారం ప్రార్థనకూ మైకు ఉంటుంది. గుడికి వెళ్లడం మానేసిన మనిషికి, చర్చికి వెళ్లడం మానేసిన మనిషికి మాత్రం మైకు ఉండదు. ఎందుకు మానేశావని అతన్ని అడిగేవాళ్లు కూడా ఉండరు. వాడితో మాట్లాడొద్దు, వాడి మాట వింటే నీ బుర్ర కూడా పాడవుతుంది అని పిల్లలకు చెప్పేవాళ్లు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

బయటివాడు విమర్శిస్తే ఏ మతమూ పెద్దగా భయపడదు. వాడికి మన సంగతి ఏం తెలుసు అనేస్తే సరిపోతుంది. లోపల పుట్టి, లోపల పెరిగి, అన్నీ చూసి బయటికి వచ్చినవాడిని అలా అనడం కుదరదు. అందుకే అతని ప్రశ్నకు జవాబు వెతికే బదులు, ఆ ప్రశ్న ఎవరి చెవినా పడకుండా చూస్తారు. ఈ పని ఎలా చేస్తారో తెలుసుకోవాలంటే తెలుగు నేల మీద గోపరాజు రామచంద్రరావు జీవితం చూడాలి. లోకం ఆయన్ను గోరా అని పిలిచింది.

జంధ్యం వదిలిన లెక్చరర్

గోరా 1902 నవంబర్ 15న, అప్పటి గంజాం జిల్లా ఛత్రపురంలో, సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1922లో సరస్వతితో పెళ్లయింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివి ఎం.ఏ. పూర్తి చేశారు. మొదటి ఉద్యోగం మదురైలోని అమెరికన్ మిషన్ కాలేజీలో దొరికింది. క్రైస్తవం తీసుకుంటే పైచదువులకు అమెరికా పంపిస్తామని అక్కడ ఆశ చూపారు. ఆయన ఒప్పుకోలేదు. అప్పటికింకా నాస్తికుడు కాలేదు గానీ, నమ్మకం అమ్మకపు సరుకు కాకూడదన్న పట్టుదల మాత్రం ఉంది.

ఆ ఊళ్లోనే దయ్యాలున్నాయని అందరూ భయపడే ఇంట్లో కాపురం ఉండి చూశారు. తర్వాత కొంతకాలం సింహళంలో, కొలంబో ఆనంద కాలేజీలో పనిచేశారు. సరస్వతి గర్భిణిగా ఉన్నప్పుడు గ్రహణం పట్టింది. గర్భిణులు ఇంట్లో కదలకుండా పడుకోవాలన్న కట్టుబాటును పక్కన పెట్టి ఆమె బయటికి వచ్చి తిరిగారు. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. ఇవన్నీ చిన్న చిన్న పరీక్షలు. నమ్మకాన్ని వాదనతో కాకుండా బతుకుతో పరీక్షించడం ఆ దంపతుల పద్ధతి.

1928లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో అధ్యాపకుడిగా చేరాక గోరా జంధ్యం వేసుకోవడం మానేశారు. కులపెద్దలకు అది చాలింది. జంధ్యం ఎందుకు వద్దనుకున్నావని ఆయన్ను కూర్చోబెట్టి అడగలేదు. వెళ్లి తండ్రి మీద ఒత్తిడి తెచ్చారు. కొడుకును ఇంట్లో ఉంచుకుంటే కుటుంబం మొత్తానికీ వెలి తప్పదన్న భయం పెట్టారు. గోరా, సరస్వతి ఇల్లు వదిలి బయటికి రావలసి వచ్చింది.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించాలి. వెలివేత దెబ్బ పడేది ఒక్కడి మీదే అనుకుంటాం. నిజానికి అది చుట్టూ ఉన్నవాళ్లను ఉద్దేశించిన శిక్ష. ఇతనితో తింటే నువ్వూ బయటే, ఇతని మాట వింటే నీ పిల్లకు పెళ్లి కాదు అని మిగిలినవాళ్లకు చెప్పడమే దాని పని. మనకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఊరి బావి, హోటల్లో గ్లాసు, కిరాణా అప్పు, కూలి పని అన్నీ ఒక్క రోజులో ఆపేసే సాంఘిక బహిష్కరణ దళితవాడలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కులం దళితుల మీద వాడే ఆయుధాన్నే మతం తన నుంచి వెళ్లిపోయినవాడి మీద వాడుతుంది.

రెండుసార్లు పోయిన ఉద్యోగం

పి.ఆర్. కాలేజీకి ఆ రోజుల్లో మంచి పేరుంది. దాన్ని పోషించిన పిఠాపురం రాజా, అంతకుముందు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ భావాల మనుషులు. విగ్రహారాధనను, కులాన్ని ప్రశ్నించిన సంప్రదాయం అది. అలాంటి చోట కూడా దేవుడనే భావనను ప్రశ్నిస్తూ గోరా రాసిన వ్యాసాన్ని భరించలేకపోయారు. 1933లో ఆయన ఉద్యోగం పోయింది. ఆయన వృక్షశాస్త్రం సరిగా చెప్పడం లేదని ఎవరూ అనలేదు. చెప్పింది పిల్లలు వింటున్నారన్నదే నేరం.

తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీలో చేరారు. 1939లో అక్కడా ఇదే కారణంతో బయటికి వచ్చారు. అప్పటికి ఇంటినిండా పిల్లలు, చేతిలో జీతం లేదు. నమ్మకం పోయిందని నోరు తెరిచి చెప్పినందుకు ఇల్లు ఒకసారి, ఉద్యోగం రెండుసార్లు పోయాయి.

శాస్త్రం చెప్పిన ఉపాయం

ఇది కాకినాడ వాళ్లో, బందరు వాళ్లో కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. మనుస్మృతి రెండో అధ్యాయంలోనే ఈ ఉపాయం ఉంది. తర్కం పట్టుకుని శ్రుతినీ స్మృతినీ కాదన్న ద్విజుణ్ని సజ్జనులు బయటికి పంపేయాలని అందులో ఉంది. అతని తర్కంలో తప్పేమిటో చూపించమని లేదు. అదే సంప్రదాయంలోని గౌతమ ధర్మసూత్రం వేదం విన్న శూద్రుడి చెవుల్లో లోహం కరిగించి పోయమంది. ఒకరి నోటికి తాళం, మరొకరి చెవికి తాళం. రెండింటినీ కలిపి చదివితే ధర్మశాస్త్రం దేనికి కాపలా కాసిందో అర్థమవుతుంది.

హిందూ మతానికే ఇది పరిమితమూ కాదు. 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం తనలో పుట్టి పెరిగిన స్పినోజాను వెలివేసింది. ఎవరూ అతనితో మాట్లాడకూడదు, అతనికి ఉత్తరం రాయకూడదు, అతనున్న కప్పు కింద ఉండకూడదు, నాలుగు మూరల దగ్గరికి రాకూడదు, అతను రాసింది చదవకూడదు అని శాసించింది. అప్పటికి స్పినోజా వయసు 23 ఏళ్లు. తర్వాత ప్రపంచం చదివిన పుస్తకాలు అప్పటికింకా అచ్చు కానేలేదు.

గోరాకు రెండు ఉద్యోగాలు పోయిన మధ్యకాలంలోనే మనందరికీ తెలిసిన ఘటన ఒకటి జరిగింది. 1935 అక్టోబర్‌లో యేవలాలో అంబేద్కర్, తాను హిందువుగా చనిపోనని ప్రకటించారు. 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ తన సభకు అధ్యక్షత వహించమని ఆయన్ను పిలిచింది. అది కులాన్ని పోగొడతామని చెప్పుకునే సంస్కర్తల సంఘం. ప్రసంగ పాఠం చూశాక వాళ్లకు గుండె జారింది. కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఆయన ఒక్క కామా కూడా మార్చనన్నారు. చివరికి వాళ్లు సభనే రద్దు చేసుకున్నారు. ఆ పాఠాన్ని అంబేద్కర్ సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. చెప్పనివ్వని ఆ ఉపన్యాసమే కుల నిర్మూలన.

వినేవాళ్ల దగ్గరికి

తలుపులు మూసినప్పుడు గోరా ఏం చేశారన్నది ఉద్యమాల్లో ఉన్నవాళ్లకు పనికొచ్చే సంగతి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరు చేరి అక్కడ నాస్తిక కేంద్రం పెట్టారు. పేరుకు నాస్తిక కేంద్రమే అయినా, పని మొదలైంది వయోజన విద్యతో, అంటరానితనం మీద పోరాటంతో, సహపంక్తి భోజనాలతో. దేవుడు లేడని ఉపన్యాసం ఇస్తే వినని మనిషి, తన వాడలో కూర్చుని తనతో అన్నం తినే మనిషి మాట వింటాడని ఆయనకు అర్థమైంది. కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారింది. 1949లో సంఘం అనే వారపత్రిక మొదలైంది.

పిల్లలకు పెట్టిన పేర్లలోనూ ఆయన పద్ధతి కనబడుతుంది. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన నాటి కొడుకు సమరం. తొమ్మిదో సంతానం నౌ. దేవుడి పేరు లేదు, కులం తోక లేదు.

సేవాగ్రామ్‌లో ఒక ఆస్తికుడు

గోరా గాంధీకి మొదటిసారి 1930లో ఉత్తరం రాశారు. 1941లో కలుస్తానని మళ్లీ రాశారు. నాస్తికత్వం గురించి మాటలకు సమయం లేదన్నట్టు జవాబు వచ్చింది. అంతటి మనిషి కూడా మొదట తలుపు వేశారు. అయితే పల్లెల్లో గోరా చేస్తున్న పని సంగతి తెలిశాక 1944లో గాంధీయే ఆయన్ను సేవాగ్రామ్‌కు రమ్మన్నారు. ఆశ్రమంలో ఉంచుకుని, ప్రశ్నలడిగి, జవాబులు విన్నారు. ఇద్దరిలో ఎవరూ మారలేదు. తన ఆస్తికత్వమే ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్న దాకా మాత్రం గాంధీ వచ్చారు. ఆ సంభాషణల మీద గోరా ఇంగ్లీషులో రాసిన పుస్తకాన్ని 1951లో గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే అచ్చు వేసింది. దానికి ముందుమాట రాసిన కిశోర్‌లాల్ మష్రువాలా కూడా దేవుణ్ని నమ్మినవారే.

గాంధీతో, ఆయన హరిజన్ అనే మాటతో, పూనా ఒప్పందంతో మనకున్న తగాదా పెద్దది. దాన్ని ఇక్కడ కప్పిపుచ్చాల్సిన పని లేదు. గోరా గాంధేయ పంథాలో నడిచినవారన్నదీ నిజమే. కానీ తన నమ్మకాన్ని వదిలేసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని విన్నంత మాత్రాన ఏ ఆస్తికుడి విశ్వాసమూ కూలిపోలేదని ఆ వారాలు చూపించాయి. వినొద్దనే పెద్దలు కాపాడేది విశ్వాసాన్ని అయితే, అంత కాపలా దానికి అవసరం లేదు. వాళ్లు కాపాడుకునేది తమ పెత్తనాన్ని.

పెళ్లిళ్లు, విందులు

గోరా పెద్దకూతురు మనోరమ దళితుడైన అర్జునరావును పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లి తన ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నారు. అంతలో గాంధీ హత్య జరిగింది. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్లి అయింది. 1960లో లవణం గుర్రం జాషువా కూతురు హేమలతను పెళ్లాడారు. ఇటు హిందూ పండితుల ఈసడింపు, అటు క్రైస్తవ పెద్దల కోపం రెండూ చవిచూసిన కవి జాషువా. ఆ ఇద్దరి వియ్యం మన చరిత్రలో మరిచిపోకూడని సంగతి.

1972 ఆగస్టు 15న విజయవాడలో గోరా గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి స్నేహ విందు పెట్టారు. హిందువు ఒకటి, ముస్లిం మరొకటి అంటరానిదిగా చూసే ఆ రెండింటినీ ఒకే బల్ల మీద ఉంచారు. 2012లో ఉస్మానియా క్యాంపస్‌లో బీఫ్ ఫెస్టివల్ జరిపి దాడులకు గురైన విద్యార్థులకు ఇది నాలుగు దశాబ్దాల ముందటి అడుగు. తేడా ఒకటుంది. ఉస్మానియా విద్యార్థులు తినింది తమ ఇంటి కూడు. గోరా తన పుట్టుక నేర్పిన ఏహ్యాన్ని దాటి వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చున్నారు.

నడిగడ్డకు ఏం సంబంధం

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో జోగిని ఆచారం ఎవరి పిల్లల్ని మింగిందో మనకు తెలుసు. ఎక్కువగా మాదిగ, మాల ఇళ్ల ఆడపిల్లల్నే. ఆ ఆచారం నుంచి బయటపడాలనుకున్న ఆడమనిషికి మొదట వినిపించేది ఎల్లమ్మ కోపం, ఊరికి అరిష్టం. అరిష్టం పేరుతో ఆమె నోరు మూయిస్తే, ఊరి పెద్దల గురించి ఆమె చెప్పగలిగింది బయటికి రాదు. నిజామాబాద్ జిల్లాలో హేమలత, లవణం చేసిన పని అక్కడే మొదలైంది. ముందు ఆ ఆడవాళ్లు చెప్పింది విన్నారు. 1988లో జోగిని, దేవదాసీ ఆచారాలను నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. చట్టం తర్వాత కూడా ఆ ఆడవాళ్ల మాటకు ఊళ్లో విలువ దొరికిన చోటే ఆచారం వెనక్కి తగ్గింది.

చివరిగా ఒక మాట మనవాళ్లకు. సంఘం వదిలి వెళ్లిన మనిషిని మనమూ అమ్ముడుపోయాడని తేల్చేస్తున్నాం. అతని పోస్టు చదవొద్దని, అతని మీటింగుకు వెళ్లొద్దని జూనియర్లకు చెబుతున్నాం. కొందరు నిజంగానే అమ్ముడుపోయి ఉండొచ్చు. అందరూ కాదు. ఏది నిజమో వినకుండా తేల్చితే, కాకినాడ కులపెద్దలు జంధ్యం దగ్గర చేసిందే మనం జెండా దగ్గర చేసినట్టు. వాళ్లు చెప్పింది తప్పయితే జవాబు చెబుదాం. ఒప్పయితే సరిదిద్దుకుందాం. రెండింటికీ ముందు వినాలి.

గోరా 1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే కుప్పకూలి కన్నుమూశారు. 2002లో కేంద్ర ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల వేసింది. బిళ్ల మీద బొమ్మ వేయడం తేలిక. గద్వాల, మల్దకల్, అలంపూర్ హాస్టళ్లలో మన స్టడీ సర్కిళ్లు ఈ ఏడాది ఒక్క సాయంత్రమైనా, గుడినో చర్చినో మసీదునో, మన సంఘాన్నో వదిలి వెళ్లినవాళ్లను పిలిచి, అడ్డు తగలకుండా చివరిదాకా విని, ఆ తర్వాత వాదించగలిగితే ఆయనకు అంతకు మించిన వర్ధంతి సభ అక్కర్లేదు.